జాంబూనదం, హాటకం, శాతకుంభం – ఇవన్నీ ఒకే బంగారమా?

ప్రశ్న: పద్యాలు చదువుతుంటే బంగారానికి హాటకం, శాతకుంభం, జాంబూనదం, చామీకరం అని రకరకాల మాటలు తగులుతున్నాయి. టీకాలో మాత్రం అన్నిటికీ "బంగారము" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు. గణాలు సరిపోవడానికి వాడే పర్యాయపదాలేనా, లేక వీటి మధ్య తేడా ఉందా? తెలిసినవారు చెప్పండి.

జవాబు: మంచి ప్రశ్న అండి. ఇప్పుడు పర్యాయపదాలే, కానీ మొదట్లో కాదు. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు బంగారానికి 19 పేర్లు వరసగా చెప్పేసి ముందుకెళ్లిపోతుంది కాబట్టి మనకి అన్నీ ఒకటే అనిపిస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం తీయండి. అక్కడ జాంబూనదం, శాతకుంభం, హాటకం, వైణవం అంటూ ఇవన్నీ బంగారంలో రకాలు. పాదరసంతో చేసింది రసవిద్ధం, గని నుంచి వచ్చింది ఆకరోద్గతం. అంటే ఖజానాలో కూర్చున్న అధికారికి ఈ పేర్లు కవిత్వం కాదు, సరుకు ఎక్కడిదో ఎలాంటిదో చెప్పే గుర్తులు. జంబూ నదిది జాంబూనదం, శతకుంభమనే కొండది శాతకుంభం, వేణు పర్వతానిది వైణవం అని వ్యాఖ్యాతలు చెప్తారు. చామీకరం, కార్తస్వరం కూడా గనుల పేర్ల మీద వచ్చినవేనట.

మరి ఆ కొండలు, ఆ గనులు ఎక్కడ? జంబూ నదినే చూడండి, పురాణాల ప్రకారం మేరువు దగ్గర ఏనుగులంత నేరేడు పళ్లు రాలి, ఆ రసం నదిగా పారి, ఒడ్డున తడిసిన మట్టి ఆరి బంగారమవుతుంది. ఆ నేరేడు చెట్టు పేరు మీదే మన సంకల్పంలో రోజూ వినే జంబూద్వీపం. నది పురాణంలోకి వెళ్లిపోయింది, బంగారం పేరు మాత్రం నిఘంటువులో ఉండిపోయింది. దారి తెలియని గనులు మనకి ఇలా మాటల్లో మిగిలాయి, అందుకే వీటిని "బంగారము" అని ఒక్క మాటతో తేల్చేస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకొకరు: పిపీలికం కూడా బంగారమే అని ఎక్కడో చూశాను. చీమకీ బంగారానికీ ఏం సంబంధమండి?

జవాబు: నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైన మాట అడిగారు. సంస్కృత భారతం సభాపర్వంలో ధర్మరాజు రాజసూయానికి ఎవరెవరు ఏం కానుకలు తెచ్చారో దుర్యోధనుడు కడుపు మంటతో వర్ణిస్తాడు కదా, అక్కడ ఖసులు, తంగణులు లాంటి ఉత్తరాది కొండజాతులు చీమలు తవ్వి తీసిన "పిపీలికం" అనే బంగారాన్ని ద్రోణాలతో కొలిచి రాశులుగా తెచ్చారని వస్తుంది. ఇదే కథ క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ కూడా రాశాడు. భారతదేశానికి ఉత్తరాన ఎడారిలో నక్క కంటే పెద్దవి, కుక్క కంటే చిన్నవి అయిన చీమలు బంగారు ఇసుకని పైకి తవ్విపోస్తాయట. ఎండ మండేటప్పుడు అవి బొరియల్లో దాక్కుంటే జనం ఒంటెల మీద వెళ్లి సంచులు నింపుకుని, అవి వాసన పట్టి తరమకముందే పారిపోయి వస్తారట. తర్వాత మౌర్యుల కొలువుకి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు ఈ బంగారం దరదులు అనే ఉత్తరాది కొండజాతి దేశంలో ఉందన్నాడు.

గ్రీకులు ఏదో మాటని తప్పుగా అర్థం చేసుకుని చీమ అనుకున్నారని కొందరు సులభంగా కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. మన భారతంలోనూ చీమే ఉంది కాబట్టి ఆ కథ ఇక్కడిదే. పైగా బంగారం మాత్రం కథ కాదు. పర్షియా చక్రవర్తికి భారతీయులు ఏటా 360 టాలెంట్ల (అప్పటి తూకం కొలత) బంగారు పొడి కప్పం కట్టేవారని హెరొడోటసే లెక్క చెప్పాడు. సింధు నది ఇసుకలో బంగారు రేణువులు ఉన్న మాటా నిజం. ఫ్రెంచి పరిశోధకుడు మిషెల్ పెసెల్ 1984లో అచ్చయిన తన పుస్తకంలో, సింధు ఎగువన దన్‌సర్ మైదానంలో మార్మట్ అనే జంతువులు (ఉడుత జాతివే, బాగా పెద్దవి) బొరియలు తవ్వినప్పుడు పైకొచ్చే మట్టిలోంచి అక్కడివాళ్ల పూర్వీకులు బంగారం ఏరుకునేవారని రాశాడు. నాకిది నమ్మదగ్గదిగానే అనిపిస్తుంది. ఇక తరిమే చీమల సంగతంటారా, చోటు తెలిసినవాడు పక్కవాడిని రానివ్వకుండా చెప్పే కథ అలాగే ఉంటుంది. అరేబియా సాంబ్రాణి చెట్లకి రెక్కల పాములు కాపలా అని కూడా హెరొడోటస్‌కి ఎవరో చెప్పారు మరి! సరుకు కళ్లెదుట ఉంది, చోటు మాత్రం ఎవరూ చెప్పరు, అలాంటప్పుడు వినేవాడికి ఆశ చావదు, అందుకే రెండున్నర వేల ఏళ్ల తర్వాత కూడా ఒకాయన పనిగట్టుకుని ఆ చీమల్ని వెతుక్కుంటూ వెళ్లాడు.

మరొకరు: సుమతీ శతకంలో "చీమలు పెట్టిన పుట్టలు పాముల కిరవైనయట్లు" పద్యంలోనూ హేమం ఉంది కదండీ. దానికీ దీనికీ ముడి ఉందా?

జవాబు: నేరుగా లేదండి. అక్కడ హేమం పామరుడు కూడబెట్టుకున్నది, చివరికి రాజుల పాలయ్యేది. కానీ ఖసుల బంగారం ధర్మరాజు కొలువుకి, సింధు బంగారం పర్షియా ఖజానాకి చేరడం చూస్తే ఆ పద్యం ఎంత సరిగ్గా అతుకుతుందో! ఇంకో సంగతి, పుట్టలు పెట్టేవి నిజానికి చెదలు. అవి లోతు నుంచి మట్టి పైకి తెస్తాయి కాబట్టి ఆస్ట్రేలియాలో, ఆఫ్రికాలో పుట్టమన్ను పరీక్షించి కింద బంగారం ఉందేమో చూస్తారు.

మొదట అడిగినవారు: చాలా సంతోషం అండి. మా కర్నూలు జిల్లా జొన్నగిరి కూడా సువర్ణగిరే అంటారు, నిజమేనా?

జవాబు: కర్ణాటకలోని బ్రహ్మగిరి అశోక శాసనం "సువర్ణగిరి నుంచి" అని, రాకుమారుడి మాటగా మొదలవుతుంది, అంటే ఆ సువర్ణగిరిలో మౌర్య రాకుమారుడి కొలువు ఉండేది. ఆ ఊరు జొన్నగిరి అని కొందరు, కర్ణాటకలోనే మస్కి దగ్గరి కనకగిరి అని కొందరు అంటారు. స్వర్ణ, సొన్న, జొన్న అని మారిందనే వాదన వినడానికి బాగుంటుంది గానీ నేను దాని మీద బరువు పెట్టను, ఎందుకంటే శాసనంలో ఉన్నది సువణ్ణ రూపం, జొన్న మనకి మామూలు పంట పేరు. పక్కనే ఎర్రగుడిలో అశోకుడి 14 ప్రధాన శాసనాలు ఉండడం, ఆ చుట్టుపక్కల నేలలో బంగారం ఉండడం, ఈ రెండూ పేరు కంటే గట్టి ఆధారాలు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలోనే ఎర్రగుడి, మీకు దగ్గరే కదా, వీలు చూసుకుని ఒకసారి ఆ బండలు చూసి రండి.