హాల్లో పాత ఫ్యాన్ ఉంచాలా, తీసేయాలా?

హాలుగది:
అందరికీ నమస్కారం. అమ్మ ఉంటున్న ఇంటికి రంగులు, కొత్త వైరింగ్, హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నాం. మిగతావన్నీ తేలిపోయాయి, ఒక్క సీలింగ్ ఫ్యాన్ దగ్గరే ఆగిపోయాం. అది నేను పుట్టకముందు నుంచీ ఉంది. ఇనప బాడీ, గిన్నె బోర్లించినట్టుండే మోటారు, వెడల్పాటి మూడు రెక్కలు, నిచ్చెన మీద ఒక్క మనిషి పట్టుకుని దించలేనంత బరువు. గాలి మాత్రం హాలు మూలమూలలకీ వస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. స్పీడు పెంచితే కొంచెం ఊగుతుంది, వేసిన కాసేపు గుర్రుమంటుంది, పాత నల్ల డబ్బా రెగ్యులేటర్ వేడెక్కుతుంది. పని చేయిస్తున్న డిజైనర్ కొత్త సీలింగ్‌కి నప్పదు, కరెంటు కూడా ఎక్కువ లాగుతుంది, తీసేయండి అంటున్నారు. అమ్మని అడిగితే "మీ ఇష్టం" అంటుంది. కానీ ఏటా వేసవికి ముందు నాన్నే దాన్ని దించి, ఆయిల్ పోసి, మళ్లీ బిగించేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది, ఆ ఆయిల్ డబ్బా ఇంకా అటక మీదే ఉంది, అమ్మ పారేయనివ్వలేదు. అందుకే నాకు తేల్చుకోవడం కష్టంగా ఉంది. ఉంచితే ప్రమాదమా? బాగు చేయించడం అయ్యే పనేనా?

ప్లగ్గుపాయింట్:
నేను వైరింగ్ పని చేస్తాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. ముందు దాన్ని దించండి, ఉంచాలా వద్దా అన్నది ఆ తర్వాత చూద్దాం. పైన ఉండగా ఎవరు చెప్పినా ఊహే అవుతుంది.

దించే ముందు ఏ రెక్క ఎక్కడుందో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ మూడు రెక్కలూ బరువు చూసి జత చేసినవి, చోటు మారితే ఇప్పుడున్న ఊపు ఇంకా పెరుగుతుంది. కింద పెట్టాక ముందు వైర్లు చూడండి, పాత మోటార్ల లోపలి వైరు మీద తొడుగు ఎండిపోయి వంచితే పొడిగా రాలుతుంది. అలా రాలితే వైర్లు మార్చకుండా కరెంటు ఇవ్వొద్దు. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో మెగ్గర్ (కరెంటు బాడీలోకి లీకయ్యేలా ఉందా అని చూసే మీటరు) పెట్టించండి, బాడీకీ వైండింగ్‌కీ (మోటారు లోపలి తీగచుట్టకీ) మధ్య నిరోధం కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. రాకపోతే తేమ పట్టిందో, వైండింగ్ పాడైందో చూడాలి. ఇనప బాడీ కాబట్టి ఎర్త్ వైరు తప్పనిసరి, పాతవాటికి చాలాసార్లు అసలు ఉండదు. కొత్త వైరింగ్‌లో 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టిస్తున్నారు కదా? పెట్టించకపోతే ఫ్యాన్ సంగతి తర్వాత, ముందు అది పెట్టించండి.

గుర్రుమనడం బేరింగ్ వల్లే అయ్యుండొచ్చు. నాన్నగారు ఆయిల్ పోసేవారంటే దానిది ఆయిల్ గిన్నె రకం కావచ్చు, నాలుగేళ్లుగా ఎవరూ పోయకపోతే ఎండిపోయి ఉంటుంది. వైండింగ్ కాలిపోయినా రాగి తీగతో మళ్లీ చుట్టించుకోవచ్చు, అది అయ్యే పనే.

ఇద్దరుపిల్లలు:
నేను ఒక్క విషయమే చెప్తాను, కొక్కెం చూసుకోండి. మా ఇంట్లోనూ ఇలాంటి ఫ్యానే, మోటారు బాగానే ఉందని ధైర్యంగా ఉన్నాం. రంగులు వేయడానికి దించితే స్లాబులోంచి వచ్చిన కొక్కెం, ఫ్యాన్ వేలాడే చోట సగానికి అరిగిపోయి ఉంది. ఏళ్ల తరబడి ఆ కొద్దిపాటి ఊపుకే ఇనుము ఇనుముని తినేసింది. మధ్యలో ఉండాల్సిన రబ్బరు బుష్ ఎప్పుడో పొడైపోయింది. దాని కిందే పిల్లలు పడుకునేవాళ్లు. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీది ఊగుతోంది అన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను, దయచేసి రేపే చూపించండి.

లెక్కలమనిషి:
కరెంటు గురించి డిజైనర్ చెప్పింది నిజమే, అయితే ఎంత తేడానో చూడాలి. పాత ఫ్యాన్ 80 వాట్లు, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న రకం) 30 వాట్లు అనుకుందాం. రోజుకి పది గంటలు తిరిగితే తేడా అర యూనిట్, నెలకి పదిహేను యూనిట్లు. రోజంతా తిరిగే హాల్లో ఇది లెక్కలోకి వస్తుంది, రోజుకి రెండు మూడు గంటలే వేసే గదిలో పెద్దగా రాదు. నల్ల డబ్బా రెగ్యులేటర్‌ని మాత్రం మార్చేయండి. అది మిగిలిన కరెంటుని వేడిగా మారుస్తుంది, స్పీడు తగ్గించినా ఆదా పెద్దగా ఉండదు. కొత్త బీఎల్‌డీసీ పెడితే దానికి అసలు రెగ్యులేటరే కలపకూడదు.

ఇంకో మాట, ఫ్యాన్ బరువు స్లాబు మీదే పడాలి, ఫాల్స్ సీలింగ్ మీద కాదు. సీలింగ్‌కీ రెక్కలకీ మధ్య ఒక అడుగు ఖాళీ లేకపోతే గాలి సరిగా రాదు, రెక్కలు నేలకి ఏడడుగుల కంటే కిందికి రాకూడదు. సీలింగ్‌లో లైట్లు రెక్కల పైన వచ్చేలా పెడితే ఫ్యాన్ తిరిగినప్పుడల్లా గదంతా వెలుగునీడలు కొట్టుకుంటాయి, తలనొప్పి వస్తుంది. డిజైన్ కాగితం మీద ఇది కనపడదు, ఇప్పుడే లైట్ల చోటు సరిచూసుకోండి.

వాకిలి:
అమ్మగారిని ఉంచాలా తీసేయాలా అని అడిగితే "మీ ఇష్టం" అనే అంటారు, పిల్లల పనికి అడ్డం రాకూడదనుకుంటారు కదా. ఏ గదిలో ఉంటే బాగుంటుంది అని అడిగి చూడండి. హాల్లోనే ఉండాలని ఎక్కడా లేదు. నాకైతే మంచి వస్తువుని నప్పలేదని తుక్కులో వేయడం మనసుకి పట్టదు. రంగు వేయిస్తే మాత్రం పాత పెయింట్‌ని ఇంట్లో పొడిగా గీకించకండి, అందులో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకి చాలా చెడ్డది.

హాలుగది:
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న ఇద్దరు మనుషులతో దింపించాం. కొక్కెం అరిగింది, @ఇద్దరుపిల్లలు, మీరన్నంత కాదు కానీ వేలు పెడితే గాడి తెలుస్తోంది. బుష్ అసలు లేనే లేదు. మెగ్గర్ పెడితే వైండింగ్ బాగానే ఉంది, లోపలి వైర్లు మాత్రం ముట్టుకుంటే రాలాయి, మార్పించాను. బేరింగ్ గిన్నెలో ఆయిల్ ఎండి జిగురులా ఉంది.

అమ్మని @వాకిలి చెప్పినట్టే అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "నా గదిలో, మంచం మీదికి కాకుండా కిటికీ వైపు" అంది. అక్కడే కుర్చీ వేసుకుని చదువుకుంటుంది, ఇన్నాళ్లూ అక్కడ గాలి తగలడం లేదని నాకు తెలియనే తెలియదు. హాల్లో కొత్తది పెడుతున్నాం. ఆ గదిలో ఫాల్స్ సీలింగ్ లేదు, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. కిటికీ వైపు స్లాబులో కొక్కెం లేదు, ఏం చేయాలి?

ప్లగ్గుపాయింట్:
స్లాబుకి డ్రిల్ చేసి యాంకర్ బోల్టులతో (కాంక్రీటులో బిగుసుకునే బోల్టులు) ఫ్యాన్ క్లాంప్ బిగించాలి. అంత బరువుకి చిన్న స్క్రూ కొక్కేలు వద్దు. దానికి తోడు స్లాబులోనే విడిగా ఇంకో బోల్టు వేయించి, మోటారు నుంచి దానికి స్టీల్ తాడు కట్టించండి, క్లాంప్ వదిలినా ఫ్యాన్ కింద పడదు. మీ పాత రాడ్ ఒక అడుగు ఉంటే ఎత్తు సరిపోతుంది. బిగించాక ఫుల్ స్పీడులో ఒక గంట తిప్పి, ఆపి, బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. ఆ పాత డబ్బాలో ఆయిల్ మాత్రం ఇప్పుడు పోయకండి, చిక్కబడి ఉంటుంది. కొత్తది తెచ్చి పోయండి.

హాలుగది:
సరేనండి. డబ్బా అలాగే ఉంచి కొత్త ఆయిల్ తెస్తాను.