సిరిమాను వీడియో: వెలుగు పగ్గం మన చేతిలోనా, కెమెరా చేతిలోనా?

లాంతర్ల వీధి (రాత్రి 9:12)

మొన్న మంగళవారం విజయనగరం పైడితల్లి అమ్మవారి జాతరలో సిరిమాను తీశాను. మూడు లాంతర్ల దగ్గర మా చిన్నాన్న వాళ్ల బాల్కనీలో స్టాండు వేసి, కెమెరాతో వచ్చిన 18-55 లెన్సుతో, మొత్తం ఆటోలో పెట్టేశాను. ఇంటికొచ్చి చూసుకుంటే ఏడుపొక్కటే తక్కువ. పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు వెళ్లినంతసేపు బాగానే ఉంది. పొడవాటి మాను రాగానే దాని చివర ఎత్తున కూర్చున్న పూజారి గారి కోసం కెమెరా పైకెత్తాను. ఆకాశం ఫ్రేములోకి వచ్చిందో లేదో, కింద జనమంతా బొగ్గయిపోయారు. మాను దాటిపోయాక రెండు సెకన్లలో మళ్లీ అంతా తెల్లబడింది. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కదా, మూడుసార్లూ ఇదే తంతు. "మధ్యలో మబ్బు పట్టిందేట్రా?" అని అడిగింది పిన్ని.

వచ్చే ఏడాదికి మాన్యువల్ నేర్చుకోవాలా, ఆటోలోనే ఏదైనా కిటుకుందా? మిక్సింగ్‌లో (ఎడిటింగ్‌లో) సరిచేసుకోవచ్చు అంటున్నాడు మా ఫ్రెండు. నిజమేనా?

గంటస్తంభం (రాత్రి 9:40)

నిజం కాదు. ఇలాంటి కెమెరా వీడియోని మామూలుగా 8 బిట్లలో, అంటే తక్కువ ఛాయలతో, బాగా నొక్కి దాస్తుంది. తెల్లగా కాలిపోయిన చోట వివరమే ఉండదు, తవ్వినా రాదు. బొగ్గయిన చోట పైకి లాగితే చుక్కలు చుక్కలుగా వస్తుంది. పైగా నీ ఫుటేజీలో వెలుగు ప్రతి సెకనుకీ మారుతోంది. ఏ సెకనుకని దిద్దుతావు?

తప్పు కెమెరాది కాదు తమ్ముడూ. ఫ్రేములో ఏమున్నా, మొత్తం కలిపి ఒక మధ్యస్థ బూడిదరంగుకి తేవడమే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు పని. ఆకాశం సగం ఫ్రేము ఆక్రమిస్తే "అబ్బో, ఎంత వెలుగో" అని తగ్గించేస్తుంది. నీకు కావలసింది పూజారి గారని దానికెవరు చెప్పారు? జనం మీద పడే ఎండ మారలేదు, ఆకాశమూ మారలేదు. మారింది నువ్వు ఎటు చూస్తున్నావన్నదే. దానికి ఎక్స్‌పోజర్ (బొమ్మకి ఎంత వెలుగన్నది) ఎందుకు మారాలి?

మెనూలో వీడియో ఎక్స్‌పోజర్ ఆటో అని ఉన్నచోట మాన్యువల్ చెయ్యి. షట్టరు (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం), అపర్చరు (లెన్సు కన్ను ఎంత తెరవాలన్నది), ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపాలన్నది) మూడూ బిగించెయ్. అంతే.

అన్నట్టు, మొదట్లో ఈ వెసులుబాటే లేదు. 2008లో వచ్చిన నికాన్ డీ90, కానన్ 5డీ మార్క్ 2 రెండూ వీడియోని తమ ఇష్టప్రకారమే తీసేవి. 5డీ వాడేవాళ్లు అపర్చరు రింగున్న పాత నికాన్ లెన్సులు అడాప్టరుతో తగిలించుకుని, లెన్సుని కాస్త తిప్పి వదులు చేసి, నానా తంటాలు పడి వెలుగుని బిగించుకునేవాళ్లు. 2009 జూన్‌లో కానన్ ఫర్మ్‌వేర్‌లో (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్‌లో) మాన్యువల్ ఇచ్చాకే దానితో సినిమావాళ్లు ధైర్యంగా పని చేశారు. అంత పోరాడి తెచ్చుకున్నదాన్ని మనం మెనూలో ముట్టుకోకుండా వదిలేస్తున్నాం!

ఆమదాలవలస మిక్సింగ్ (రాత్రి 10:05)

బాగా సెప్పావు బాబూ. బాల్కనీలో స్టాండేసి కూకున్నోడికి సెప్పావు. నాను పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తన్నాను. పెళ్లికొడుకు ఇంట్లోంచి బయటికొస్తాడు, ట్యూబులైటు. గుమ్మం దాటితే మిట్టమద్దేనం ఎండ. పందిట్లోకొస్తే ఎర్రగుడ్డ కింద ఎర్రటి నీడ. మూడూ కలిపి పదిహేను సెకన్లు. ఒక సేత్తో ఫోకస్, ఇంకో సేత్తో ఎలుగు మార్చే వీల్ తిప్పుతూ, ఎనక్కి నడుత్తూ, కాళ్ల దగ్గర పిల్లగుంటలు తగలకుండా సూసుకోవాలి. మాన్యువల్ అని కూకుంటే గుమ్మం దాటిన కాడ్నించి తెల్లకాయితమే.

ఇంకోటి. ఎండలో కెమెరా ఎనకాల స్క్రీను నల్లగా కనపడతాది. అది నమ్మి ఎలుగు పెంచేసి, పెళ్లికూతురి మధుపర్కం మొత్తం కాల్చీసిన కుర్రగుంటలు మా దగ్గరే ఇద్దరున్నారు. ఆటో ఊగితే ఊగింది, బొమ్మ మిగులుతాది. మాన్యువల్‌లో తప్పితే బొమ్మే ఉండదు. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టరు కదా?

పొందూరు ఖద్దరు (రాత్రి 10:31)

ఇద్దరూ ఒక్క ఎక్స్‌పోజర్ గురించే కొట్టుకుంటున్నారు. నాకు ఆటోతో అసలు పేచీ వేరే చోట ఉంది.

మా ఊళ్లో పగలు తప్పెటగుళ్లు తీశాను. గుండెల మీద తప్పెట, కాళ్లకి గజ్జెలు, గాల్లోకి లేచి గిర్రున తిరుగుతారు. వెలుగు ఊగలేదు, ఆకాశం పెద్దగా లేదు. అయినా ఆట చచ్చిపోయింది. చేతులు మధ్య దారి లేకుండా ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దూకుతున్నట్టు, బొమ్మలాటలా ఉంది. చూస్తే అర్థమైంది, ఎండ ఎక్కువని ఆటో షట్టరుని వెయ్యో వంతు దాకా తీసుకెళ్లింది. ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టుంది. సెకనుకి 25 ఫ్రేములు తీస్తున్నప్పుడు షట్టరు 1/50 ఉంటే కదలికలో కాస్త మసక ఉంటుంది. ఆ మసకే కంటికి నడకనిస్తుంది. ఇది మిక్సింగులో అచ్చంగా రాదు.

మరి ఎండలో 1/50 ఎలా అంటారా? లెక్క చూడండి. మంచి ఎండలో ఐఎస్ఓ 100, షట్టరు 1/100 అయితే అపర్చరు ఎఫ్16 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు కన్ను మూసుకుంటుంది). షట్టరు 1/50 చేస్తే ఎఫ్22. అంత మూస్తే బొమ్మ పదును పోతుంది, సెన్సరు మీది దుమ్మంతా కనిపిస్తుంది. ఎఫ్5.6 కావాలంటే నాలుగు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగం) తగ్గించాలి, అంటే లెన్సు ముందు ఎన్‌డీ16 ఫిల్టరు. నల్ల కళ్లద్దమే అనుకోండి. అది లేకుండా పగటి వీడియోకి మాన్యువల్ అన్న మాట సగమే. చవక వేరియబుల్ ఎన్‌డీ (తిప్పితే నలుపు పెరిగేది) ఒకటి కొని బుద్ధి తెచ్చుకున్నాను. చివరిదాకా తిప్పితే ఆకాశంలో నల్లటి ఇంటూ గుర్తు పడింది.

ఆమదాలవలస మిక్సింగ్ (రాత్రి 10:44)

పెళ్లి పార్టీ ఎవుడూ నాకు ఫోన్ చేసి "షట్టరెంత పెట్టావు?" అని అడగలేదమ్మా.

గంటస్తంభం (రాత్రి 10:52)

అడగరు. "ఏంటో సినిమాలా లేదు" అంటారు. అదే వాళ్ల భాషలో షట్టరు.

నాగావళి గట్టు (రాత్రి 11:20)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. ఆటోని వెనకేసుకొచ్చే పెద్దాయనకి ఒకటి. రాత్రి పెళ్లిళ్లలో మీ వీడియోల్లో అడ్డచారలు పాకుతుంటాయా? మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులైటు సెకనుకి వందసార్లు ఎక్కి దిగుతుంది. షట్టరు 1/50 అయితే సరిగ్గా రెండు దెబ్బలు పడతాయి, 1/100 అయితే ఒకటి. 1/60 అయితే ఒకటిన్నర దాటి రెండుకి చాలకుండా ఆగుతుంది, అందుకే చారలు. అమెరికాలో 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడివాళ్ల యూట్యూబ్ పాఠాల్లో 1/60 అంటారు, మనవాళ్లు అదే కొట్టేస్తారు. మెనూలో వీడియో సిస్టమ్ పాల్ (మన 50 హెర్ట్జ్‌కి సరిపడేది) అని పెట్టి, 25 ఫ్రేములు, 1/50 ఉంచండి. ఎల్‌ఈడీ తెరలు, సీరియల్ సెట్లు మాత్రం ఎవరి మాటా వినవు. ముహూర్తానికి ముందే ఒక ముక్క తీసి చూసుకోవాలి.

ఆమదాలవలస మిక్సింగ్ (ఉదయం 6:15)

ఇది మాత్రం ఒప్పుకుంటాను. చారల గొడవ నాకూ ఉంది, జనరేటరు వల్లేననుకున్నాను. అయితే షట్టరు 1/50, అపర్చరు బిగించి, ఐఎస్ఓ ఒక్కటీ ఆటోకి ఒగ్గేస్తే? గుమ్మం కాడ గొడవుండదు, మీ మసకా దక్కుతాది.

గంటస్తంభం (ఉదయం 7:02)

అది కూడా ఆటోయే కదండీ. పంచె మార్చి తలపాగా చుట్టుకుంది, మనిషి అతనే. సిరిమాను కోసం పైకెత్తితే ఐఎస్ఓ పడిపోయి జనం మళ్లీ బొగ్గు.

పొందూరు ఖద్దరు (ఉదయం 7:30)

సిరిమానుకి పనికిరాదు. కానీ గుమ్మం దాటే పెళ్లికొడుక్కి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుగే నిజంగా మారుతోంది. మీరిద్దరూ వేర్వేరు జబ్బులకి ఒకే మందు వెతుకుతున్నారు. వెలుగు మారుతోందా, చూపు మారుతోందా, అది తేల్చుకోండి ముందు. చూపే మారితే బిగించాలి. వెలుగే మారితే ఎవరో ఒకరు తిప్పాలి: మనిషో, కెమెరానో. ఒంటిచేతి మనిషికి ఆ పదిహేను సెకన్లు కెమెరాని తిప్పనివ్వండి. మండపంలో కూర్చున్నాక బిగించండి. అక్కడా ఆటోలోనే ఉంచారంటే అలవాటు తప్ప కారణం లేదు.

స్క్రీను గురించి ఆయన చెప్పింది నిజం. నేను స్క్రీను నమ్మను, రికార్డు నొక్కే ముందు హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు పంపకం చూపే గ్రాఫు) చూస్తాను. కుప్ప కుడి గోడకి తగిలితే తెల్లచీర పోయినట్టే.

లాంతర్ల వీధి (ఉదయం 8:10)

ఒక్క సందేహం. సిరిమాను మొదలయ్యేసరికి ఎండ, చివరి తిరుగుడుకి పొద్దు వాలిపోతుంది. మొదట్లోనే బిగించేస్తే చివర చీకటే కదా?

గంటస్తంభం (ఉదయం 8:26)

ఒక్కో తిరుగుడుకి ఒక్కోసారి బిగించు. మాను కోట దాకా వెళ్లి తిరిగొచ్చేలోపు నీకు టీ తాగేంత ఖాళీ ఉంటుంది. జనం ముఖాలు చూసి ఐఎస్ఓ ఒక మెట్టు పెంచుకో. మాను కదులుతున్నప్పుడు మాత్రం వీల్ ముట్టుకోకు. ఆకాశం కొంచెం తెల్లబడితే పడనీ, ఆకాశాన్ని చూడ్డానికి ఎవరూ రాలేదు.

ఇంకొకటి, నీది 18-55 అన్నావు. వెడల్పులో ఎఫ్3.5, దగ్గరకి లాగితే ఎఫ్5.6. పూర్తిగా తెరిచి ఉంచి జూమ్ చేస్తే మాన్యువల్‌లో ఉన్నా ఒక స్టాపుకి పైగా చీకటి పడుతుంది, మళ్లీ పిన్ని మబ్బు అంటుంది. మొదటే 5.6 పెట్టుకో, జూమ్ ఎటు లాగినా కదలదు.

ఆమదాలవలస మిక్సింగ్ (ఉదయం 9:03)

గుమ్మం దాకా ఆటో, మండపంలో బిగింపు. వచ్చే ముహూర్తానికి ఒకపాలి సేసి సూస్తాను. మాన్యువలే గొప్పని మాత్రం నా సేత అనిపించలేరు.

లాంతర్ల వీధి (ఉదయం 9:20)

ఎన్‌డీ16 కొందామనుకుంటున్నాను. 18-55కి ఏ సైజు?

పొందూరు ఖద్దరు (ఉదయం 9:34)

కంపెనీని బట్టి మారుతుంది. లెన్సు ముందు అంచు మీదో, మూత లోపలివైపో సున్నాకి అడ్డగీత గుర్తు పక్కన అంకె ఉంటుంది: 58, 52, 55. ఆ అంకె కాగితం మీద రాసుకుని షాపుకెళ్లు. గుర్తుంటుందిలే అని వెళ్లి నేను రెండుసార్లు బస్సు ఛార్జీ పోగొట్టుకున్నాను.