బరియల్ తొలి ఆల్బమ్‌లో దరువు: ఏ ప్లగిన్ కొంటే అలా వస్తుంది?

మారతహళ్లి మిత్రుడు:
లండన్ ఎలక్ట్రానిక్ సంగీతకారుడు బరియల్ తొలి ఆల్బమ్‌ను, అదే 2006లో హైపర్‌డబ్ అనే రికార్డు సంస్థ విడుదల చేసినదాన్ని, కొంతకాలంగా వదలకుండా వింటున్నాను. 500డి బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నానంటే సిల్క్ బోర్డు రద్దీ కూడా పట్టదు. రాత్రిళ్లు ల్యాప్‌టాప్ మీద నేనూ నాలుగు ట్రాకులు కట్టుకుంటున్నాను. ఆయన స్నేర్ (టప్పుమనే డ్రమ్ము దెబ్బ) పడీ పడనట్టు, ఒక క్షణం ఆలోచించి పడినట్టు ఉంటుంది. నేను స్వింగ్ (కొన్ని దెబ్బలను కాస్త ఆలస్యం చేసే అమరిక) 60 శాతానికి పెంచినా పెళ్లి బ్యాండులాగే మోగుతోంది. పాత రికార్డు చిటపటలు కూడా కలిపి చూశాను. సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే ఏ ప్లగిన్ కొనాలి? ఇంటి ఓనరు పై అంతస్తులోనే ఉంటారు, స్పీకర్ల మాట మాత్రం ఎత్తకండి.

సున్నా డెసిబెల్:
ఏదీ కొనకండి. ఆ ఆల్బమ్‌కు సీక్వెన్సరే (దెబ్బలను గళ్లలో పేర్చి తాళానికి నడిపే సాఫ్ట్‌వేర్) వాడలేదని బరియలే చెప్పారు. సౌండ్ ఫోర్జ్‌లో చేశారు. అది శబ్దాన్ని కత్తిరించి అతికించుకునే ఎడిటర్, అంతే. శబ్దతరంగాన్ని కళ్లతో చూసి, చెవితో సరిచూసుకుని ఒక్కో దెబ్బనూ పెట్టుకోవాలి. లండన్‌లో ఒక కుర్రాడు అలా చేసిన పనిని ‘ద వైర్’ పత్రిక ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది. ఇక్కడ మనవాళ్లేమో ముందు ప్లగిన్ల జాబితా రాసుకుంటారు!

మీ స్వింగ్‌తో చిక్కు ఏమిటంటే, అది ప్రతిసారీ ఒకే కొలతతో ఆలస్యం చేస్తుంది. రెండు ఆవృత్తాలకే చెవి దాన్ని పసిగట్టేస్తుంది. వేగం నిమిషానికి 140 అనుకుంటే ఒక్కో బీట్ సుమారు 430 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 107. స్నేర్‌ను ఒకసారి 15 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరపండి, మరోసారి 8, ఇంకోసారి అసలు కదపకండి. మొదటి కిక్‌ను (డుమ్మనే పెద్ద డ్రమ్ము దెబ్బను) మాత్రం ముట్టుకోవద్దు. ఇది టూ-స్టెప్ అనే లండన్ డాన్స్ సంగీతపు బాణీ కాబట్టి మూడో బీట్ మీద కిక్ తీసేయండి. ఇప్పుడు నాలుగు బీట్ల మీదా కిక్ కొడుతూ ఉంటారు, అవునా?

చిటపటలు చివర్లో కలిపితే అతికించినట్టే ఉంటాయి. ముందు వాటినే పరిచి, డ్రమ్స్ స్థాయి వాటిలో సగం మునిగేదాకా తగ్గించి, ఆ తర్వాత మిగతావి కట్టండి.

మల్లేశ్వరం మృదంగం:
పైవారి మాటకు ఒక సవరణ. దెబ్బ జారవచ్చు కానీ కాలప్రమాణం జారకూడదు. ఆ ఆల్బమ్‌లోని ‘డిస్టెంట్ లైట్స్’ వింటూ చేత్తో తాళం వేసి చూడండి, నాకైతే ఎక్కడా తప్పలేదు. మిల్లీసెకన్ల లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు స్నేర్‌ను నోటితో పలకండి. నోట పలికినచోటే దాన్ని పెట్టండి.

మారతహళ్లి మిత్రుడు:
సున్నా గారూ, నిజమే, నాలుగింటి మీదా కొడుతున్నాను. మూడోది తీసేయగానే సగం బరువు దిగిపోయింది. మృదంగం గారూ, పలికి చూశాను. నేను పలికేది ప్రతిసారీ కాస్త ముందే పడుతోంది! అది కూడా బాగానే ఉంది, అలాగే ఉంచేశాను. మరి ఆ గొంతు ముక్కలను ఆడో మగో తెలియనట్టు సాగదీయడం ఎలా?

సున్నా డెసిబెల్:
మీరంటున్నది ఎక్కువగా 2007లో వచ్చిన రెండో ఆల్బమ్ ‘అన్‌ట్రూ’ పద్ధతి. మొదటిదానిలో గొంతుకు అంత చోటు లేదు, స్పేస్‌ఏప్ అనే గాత్రకారుడు మాట్లాడే ట్రాక్‌ను మినహాయిస్తే. దానికి వేరే ప్రశ్న పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ పాడవుతాయి.