కన్యాశుల్కంలో ‘ముండ’ కొట్టెయ్యమంటున్నారు, ఏం చెయ్యను?

అగ్గిబరాటా: మా అపార్ట్‌మెంట్లో ఉగాదికి కన్యాశుల్కం నుంచి రెండు రంగాలు వేస్తున్నాం. నాది అగ్నిహోత్రావధాన్లు. ఆ వేషం నాకే ఎందుకొచ్చిందో మా ఆవిణ్ణి అడగండి, చెబుతుంది. నిన్న కమిటీ స్క్రిప్టు తిప్పి పంపింది. ‘ముండ’ ఉన్న చోటల్లా ఎర్రగీత, పక్కన ‘పిచ్చిదానా’. పిల్లలు చూస్తారు, ఆడవాళ్ళని అలా తిట్టడం బాగోదు అన్నారు. మాట న్యాయమే. కానీ రిహార్సల్లో ‘పిచ్చిదానా’ అని చూస్తే అవధాన్లు కాస్తా సీరియల్లో నాన్నగారైపోయాడు. అంత మెత్తటి మనిషి చిన్న కూతుర్ని ముసలాడికి అమ్ముతాడా?

తెలుగు టీచర్: నేను కమిటీ వైపు. ఎనిమిదో తరగతికి చెబుతాను కాబట్టి తెలుసు, ఆ మాటకి హాలంతా నవ్వుతుంది. మా స్కూల్లో ఓ నాటిక అయిన మర్నాడే ఒకడు తోటి ఆడపిల్లని అదే మాటన్నాడు. పుస్తకంలో ఉండనివ్వండి, స్టేజీ మీద వద్దు. గురజాడే 1897 నాటకాన్ని 1909లో తిరగరాశాడు కదా?

అగ్గిబరాటా: ఆయన రాసింది ఆయన మార్చుకోవడం, మా సెక్రటరీ మార్చడం ఒకటేనా మేడం?

పాతపుస్తకం: కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం రాధికాసాంత్వనానికీ ఇదే జరిగింది. ముందు అచ్చువేసినవాళ్ళు పద్యాలు తీసేశారు. గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతి తెస్తే మరుసటేడే నిషేధం. అది ఎత్తేసరికి 1947. బూతని తిట్టినవాళ్ళలో వీరేశలింగం గారూ ఉన్నారు. సిగ్గూ మర్యాదా ఆడవాళ్ళకేనా, మగకవులకు లేవా అని ఆవిడ నిలదీసింది. ఒకసారి కత్తెర పట్టుకుంటే ఎక్కడ ఆపుతారు?

తెలుగు టీచర్: అది శృంగారం, ఇది తిట్టు. రెంటినీ ఒకే గాటకి కట్టకండి.

గోదారిగట్టు: టీచర్ గారన్నదే నిజం. ఇది తిట్టే. ముండ అంటే గుండు చేయించినది, అంటే మొగుడు పోయినది. మా తాతమ్మకి పదమూడో ఏట చేయించారు. వీధిలోకి ఎవరైనా బయల్దేరుతుంటే తలుపు వెనక్కి తప్పుకునేదట, శకునం పాడవుతుందని. ఆ మాట కొట్టేస్తే ఆవిడ పడ్డది ‘పిచ్చిదానా’ అంతే అవుతుంది. అన్నట్టు ‘వెధవ’ కూడా ‘విధవ’ నుంచి వచ్చిందే. కమిటీ దాన్ని కొట్టేసిందా?

అగ్గిబరాటా: ఇప్పుడే లెక్కపెట్టాను. మా రెండు రంగాల్లో ఏడు ‘వెధవ’లు, ఒక్కదాని మీదా గీత లేదు! అసలు సంగతి ఇప్పుడు తట్టింది. ఆ ఇంట్లోనే బుచ్చమ్మ ఉంది, విధవ కూతురు. ఆయన పెళ్ళాన్ని తిట్టినా దెబ్బ బుచ్చమ్మకే తగులుతుంది. మాట ఉంచేస్తాను. బుచ్చమ్మని గుమ్మం దగ్గర నిలబెడతాను. తిట్టాక నేను ఆ పిల్ల వైపు తిరిగి, రెండు క్షణాలు నోట మాట రాకుండా ఉంటాను.

తెలుగు టీచర్: అప్పుడూ నవ్వారో లేదో పండగ మర్నాడు ఇక్కడే రాయండి. దాచకుండా.