ఈ మధ్య చూసినవి, మీ మార్కులు (జూన్ 2025): ‘సంక్రాంతికి వస్తున్నాం’కి 2 ఇవ్వడం న్యాయమేనా?

వెన్నెల_వాకిలి
వేసవి సెలవులకి పిల్లాడు అమ్మమ్మగారింటికి వెళ్లాడు, చాన్నాళ్లకి కాస్త తీరిక దొరికింది. ఈ మధ్య చూసినవాటికి 5కి నా మార్కులు ఇవి, మీవి కూడా రాయండి.

కోర్ట్: 4. పోక్సో కేసు మీద కథ అంటే పాఠం చెబుతారేమో అనుకున్నాను, అలా లేదు. మంగపతిగా శివాజీ కనిపించినప్పుడల్లా భయమేసింది, పరువు అంటూ అచ్చం అలాగే మాట్లాడే పెద్దమనిషి మా చుట్టాల్లో ఒకరున్నారు. చివరి వాదనలో కొన్ని విషయాలు మరీ సులువుగా తేలిపోయాయి, ఒక మార్కు అక్కడ పోయింది.

35, చిన్న కథ కాదు: 4.25. సున్నాకి విలువే లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుందని ఆ పిల్లాడు అడుగుతాడు చూడండి, నాకూ జవాబు తట్టలేదు. నివేదా థామస్ నిజంగా తిరుపతిలో పుట్టి పెరిగిన ఇల్లాలిలాగే ఉంది.

లక్కీ భాస్కర్: 3.5. బ్యాంకు లెక్కలు నాలాంటిదానికి కూడా అర్థమయ్యేలా చెప్పారు. కానీ అంత మోసం చేసినవాడు అంత హాయిగా బయటపడటం నాకు రుచించలేదు.

శుభం: 3. సీరియల్ టైముకి ఇంట్లో ఆడవాళ్లకి దయ్యం పట్టడం మంచి ఊహ. తర్వాత సాగదీశారు.

సంక్రాంతికి వస్తున్నాం: 2. టీవీలో వేసినప్పుడు చూశాం. ఆ రెండూ వెంకటేష్‌కి.

ఇంటర్వెల్_పకోడీ
సింగిల్ 3, హిట్ మూడో భాగం 2.5 (రక్తం ఎక్కువైంది), కోర్ట్ 3.5. భాస్కర్‌కి ఇంకో అర వేయాల్సిందండీ.

నేల_టికెట్
మిగతావాటి జోలికి నేను పోను. సంక్రాంతికి వస్తున్నాంకి 2 ఏంటండీ? జనవరి 14న హాల్లోకి వచ్చిన సినిమాని మార్చి 1న టీవీలో, మధ్య మధ్యలో ప్రకటనలతో, వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూ చూసి మార్కులు వేశారు. నవ్వుల సినిమా జనం మధ్యలో చూడాలి. ముందు వరసలో ఒకాయన నవ్వడం మొదలుపెడితే వెనక వరస అందుకుంటుంది, ఆ గోలలో తర్వాతి డైలాగు వినపడదు, అది వినడానికి ఇంకోసారి వస్తారు. నేను కళ్లారా చూశాను. టీవీలో చూసినవాటికి ఇక్కడ మార్కులు వేయకూడదని రూల్ పెట్టాలి.

వెన్నెల_వాకిలి
35 కూడా నేను ఇంట్లోనే చూశానండీ, ఆహాలో. దానికి 4.25 వేస్తే మీరేమీ అనలేదు. ఇంట్లో చూడటం తప్పయితే ఆ మార్కు కూడా చెల్లకూడదు కదా.

నేల_టికెట్
అది వేరు. ఒక ఇంట్లో తల్లీ కొడుకుల కథ, ఒంటరిగా చూసినా మనసుకి ఎక్కుతుంది. నేను మాట్లాడుతున్నది కామెడీ గురించి.

పాత_రీలు
ముందు ఈ 4.25 సంగతి చెప్పండమ్మా. అర మార్కు వరకు అర్థం చేసుకోగలను. పావు ఎక్కడి నుంచి వచ్చింది? 4కీ 4.25కీ మధ్య ఏ సీను ఉంది?

వెన్నెల_వాకిలి
కోర్ట్ కంటే నాకు కాస్త ఎక్కువ నచ్చిందని అర్థం సార్, అంతే.

పాత_రీలు
అలాగైతే కోర్ట్‌కి 3.5 వేసి దీనికి 4 వేయాలి. అయిదు మెట్లున్న కొలతలో పావు మెట్టు పెడితే చదివేవాడికి ఏమీ తెలియదు. పత్రికల్లో కూడా ఈ పావులు మొదలుపెట్టాక 2.75, 3 తప్ప ఏమీ కనపడటం లేదు. ఎవరికీ బాగోలేదని చెప్పే ధైర్యం లేదు, బాగుందని చెప్పే ఇష్టమూ లేదు.

మానుకోటోడు
నేల_టికెట్ అన్న మాటలో సగం నిజముంది. బలగం వచ్చిన కొత్తలో, 2023లో, నేను ఫోన్లో చూసిన. బాగుంది అనుకుని పక్కన పెట్టిన, మార్కు అడిగితే 3 అనేవాడిని. ఆ తర్వాత చాలా ఊళ్లలో తెర కట్టి ఊరందరికీ చూపించిండ్రు కదా, మా ఊళ్లో కూడా వేసిండ్రు. చాపలు, కుర్చీలు ఎవరివి వాళ్లు తెచ్చుకున్నరు. పిట్ట ముట్టని సీను వచ్చేసరికి మా చిన్నాయన లేచి పక్కకి పోయిండు, మా తాత దినాల్లో ఆయనకీ మా నాన్నకీ జరిగిన గొడవ ఊరంతటికీ తెలుసు. ఆ రాత్రి నా మార్కు 4.5. సినిమా అదే, మారిందేమీ లేదు.

కానీ అందుకని ఫోన్లో చూసినోళ్లు మాట్లాడొద్దంటే ఎట్ల అన్నా? మా దగ్గర్లో ఉన్న హాలు మూతపడి వడ్ల గోదాం అయింది. హాలు లేని ఊరోడు ఎక్కడ చూడాలె?

నేల_టికెట్
ఆ హాలు గోదాం ఎందుకయిందో అడగండి ముందు.

ఫ్రిస్కో_తమ్ముడు
టెక్సస్ నుంచి. ఇక్కడ పెద్ద హీరో సినిమా ప్రీమియర్‌కి ఇంట్లో అందరం వెళితే ఆ ఖర్చుతో వారం సరుకులు వస్తాయి. అందుకే ఇలాంటి మార్కులు చూసుకునే టికెట్ తీస్తాం. హాలు బయట మైకు ముందు అరిచేవాళ్లని నమ్మలేం, బుకింగ్ యాప్‌లో అంకెలు కూడా నమ్మలేం, గుంటూరు కారం టైములో కావాలని బాట్లతో, అంటే నకిలీ ఖాతాలతో, తక్కువ రేటింగులు కొట్టించారని ఎంత గొడవైందో గుర్తుందిగా. ఇక్కడ మీరు ఎక్కడ చూశారో, ఏది నచ్చలేదో రాస్తారు. అక్కా, మీరు టీవీలో చూశానని రాశారు కాబట్టి నేను దానికి తగ్గట్టు లెక్క వేసుకున్నాను. అందులో గొడవేముంది?

హైటెక్_బస్సు
అసలు ఎవరి చేతిలోనూ మార్కులు లేకపోతే 2024 సంక్రాంతికి హనుమాన్ ఏమయ్యేది? అదే జనవరి 12న గుంటూరు కారం కూడా ఉంది, హైదరాబాద్‌లో హనుమాన్‌కి సరిపడా హాళ్లే దొరకలేదు. చూసినవాళ్లు చెప్పిన మాట మీద రోజురోజుకీ షోలు పెరిగాయి. మార్కు పెద్ద సినిమాకి నచ్చనప్పుడు కుట్ర, చిన్న సినిమాకి నచ్చినప్పుడు ప్రజాతీర్పు, ఈ పద్ధతి ఒప్పుకోలేను.

నేల_టికెట్
నేను కుట్ర అనలేదు. అయినా సరే, అడిగారు కాబట్టి చెబుతాను. గోదావరి జిల్లాలో చిన్న టౌనులో ఒక హాలు లీజుకి తీసుకుని నడుపుతున్నాను. 2024 మేలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేశారు చూశారా, ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమా లేదు. మా వైపు ఆ ప్రకటన లేదు కానీ పరిస్థితి అదే. మ్యాట్నీకి జనం లేక షో ఎత్తేసిన రోజులున్నాయి. పదిమంది కూడా లేకుండా ఆట వేస్తే ఏసీకి, ప్రొజెక్టర్‌కి కరెంటు బిల్లు నా జేబులోంచే. మొన్న మేలో రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామన్నది కూడా ఇందుకే, మాకు అద్దె కాదు, వసూళ్లలో వాటా కావాలని. పెద్ద సినిమా ఆడినప్పుడు డిస్ట్రిబ్యూటర్లు అద్దె ఇచ్చి డబ్బంతా పట్టుకుపోతారు, చిన్న సినిమా ఆడనప్పుడు వాటాలో వేసుకోమంటారు. ఒక డిస్ట్రిబ్యూటర్ నాకు ఇవ్వాల్సిన లెక్క ఇంతవరకు తేల్చలేదు.

అలాంటి చోట ఈ సంక్రాంతికి నా హాలు నిండింది. ముసలివాళ్లని పట్టుకుని నడిపించుకొచ్చారు. హాలు మెట్లెక్కి ఏళ్లు అయిపోయిన వాళ్లు వచ్చారు. క్యాంటీన్ కుర్రాళ్లకి బాకీ జీతాలు ఇచ్చాను. మీకేమో 2. చదువుకున్నవాళ్లకి కోర్టు కథ, లెక్కల కథ అయితే 4, జనం విరగబడి నవ్వితే 2. ఇది చిన్నచూపు కాక ఏంటి?

వెన్నెల_వాకిలి
మీ కష్టం నిజమే, కాదనను. కానీ క్యాంటీన్ జీతాలు నా మార్కులో ఎందుకు కలపాలి? సినిమా మూడు వందల కోట్లు దాటిందని నిర్మాతలే పోస్టర్లు వేసుకున్నారు, నా 2తో ఒక్క సీటైనా ఖాళీ అయిందా? పైగా చిన్నచూపు అంటున్నారు. మా అమ్మ టైలరింగ్ చేసి మమ్మల్ని పెంచింది, ప్రతి సంక్రాంతికీ మేం నేల టికెట్లోనే చూశాం. ఎవరు ఏం చూసి నవ్వాలో నేను చెప్పడం లేదు.

నేల_టికెట్
మరి 2 దేనికో రాయండి. మిగతా అన్నిటికీ కారణం రాశారు, దీనికి ‘టీవీలో చూశాం’ అని వదిలేశారు. నాకు మంట అక్కడే.

ఇంటర్వెల్_పకోడీ
అది మాత్రం పాయింటే.

వెన్నెల_వాకిలి
సరే, రాస్తాను. ఆ సినిమాలో పిల్లాడు బుల్లిరాజు వల్ల.

మా వాడు రెండో తరగతి. అందరం కలిసి చూశాం, ఆ పిల్లాడు పెద్దవాళ్లని బూతులు తిట్టినప్పుడల్లా ఇల్లంతా నవ్వింది, నేను కూడా మొదటిసారి నవ్వాను. వారం తిరక్కుండా స్కూలు నుంచి పిలుపు. తోటి పిల్లాడి నాన్నని గేటు దగ్గర అదే మాట అన్నాడట. ఆ టీచర్ అందరి ముందు నన్నే అడిగారు, ఇంట్లో ఏం చూపిస్తారమ్మా అని. ఇంటికొచ్చి చెబితే మా మామగారు వాణ్ణి దగ్గరికి తీసుకుని ‘ఏమన్నావురా, మళ్లీ అను’ అని అనిపించుకుని నవ్వారు. ఆ తర్వాత చుట్టాలొచ్చినప్పుడల్లా అదే పని. వాడికి అది తిట్టని తెలియదు, అంటే అందరూ మెచ్చుకుంటారని మాత్రం తెలిసింది. మాన్పించడానికి నాకు ఎంత పట్టిందో నాకే తెలుసు.

ఫ్రిస్కో_తమ్ముడు
ఇక్కడ తెలుగు బడిలో కూడా ఇదే అక్కా. తెలుగు రాని పిల్లలకి ముందు ఆ మాటలే వచ్చాయి.

నేల_టికెట్
అదండీ సంగతి. అది మీ ఇంటి మార్కు, సినిమా మార్కు కాదు. సినిమాలో కూడా ఓటీటీలు చూసి పిల్లాడు పాడయ్యాడనే కదా చెప్పారు. మీ మామగారు చేసిన పనికి డైరెక్టర్ అనిల్ రావిపూడి మార్కులు తగ్గిస్తే ఎలా?

వెన్నెల_వాకిలి
చెప్పారు, కాదనలేదు. కానీ జనానికి నవ్వు ఎక్కడ వచ్చేలా తీశారు? వాడు తిట్టిన చోట. ఓటీటీ చెడ్డదన్న మాట వచ్చినప్పుడు మీ హాల్లో ఎవరైనా విజిల్ వేశారా? మా మామగారు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, తెర మీద పెద్దవాళ్లు ఏం చేశారో అదే చేశారు.

హైటెక్_బస్సు
2024 కొత్త నిబంధనల్లో యూఏ సర్టిఫికెట్‌ని 7, 13, 16 ఏళ్లు దాటినవాళ్లకని విడగొట్టారు. అది చూసుకుని పిల్లలకి చూపించాల్సింది తల్లిదండ్రులే.

నేల_టికెట్
అదే నేను చెప్పేది. యూఏ అంటే పెద్దవాళ్ల విచక్షణ, గేటు దగ్గర పిల్లల్ని నేను ఆపలేను, ఆపమని చట్టమూ లేదు.

వెన్నెల_వాకిలి
పండక్కి ఇంటిల్లిపాదీ రండి అని పిలిచి, పోస్టర్ మీద పిల్లాణ్ణి పెట్టి, లోపలికొచ్చాక విచక్షణ మీదేనంటే ఎలాగండీ? కుటుంబ సినిమా అన్న పేరు మీదే కదా మీ హాలు నిండింది.

మానుకోటోడు
అక్కా, ఒక్క మాట, కోపం తెచ్చుకోవద్దు. మంగపతి లాంటోళ్ల మీద కోపంతో కోర్ట్‌కి 4 వేసినవు. మోసగాడు బయటపడ్డడని భాస్కర్‌కి తగ్గించినవు. బుల్లిరాజుకి 2. నువ్వు వేసేది సినిమా మార్కు కాదు, నడవడి మార్కు. బడిలో ప్రోగ్రెస్ కార్డుల కింద వేస్తరు చూడు, అది. భాస్కర్ తప్పించుకునే ఆ అరగంట ఎంత బిగువుగా తీసిండ్రు, దానికి మార్కు లేదా?

వెన్నెల_వాకిలి
ఉంది తమ్ముడూ, అందుకే 3.5. కానీ నడవడి మార్కు వేశావంటే అవును, వేశాను, ఇకముందూ వేస్తాను. కెమెరా ఎలా ఉంది, ఎడిటింగ్ ఎలా ఉందని చెప్పేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు. సినిమా అయిపోయాక మా ఇంట్లో ఏం మిగిలింది అన్నది నేను తప్ప ఎవరూ రాయరు. నువ్వు బలగంకి 3ని 4.5 చేసింది కూడా మీ చిన్నాయన లేచి వెళ్లినందుకే కదా? అది సినిమాలో లేదు, మీ ఊళ్లో జరిగింది.

మానుకోటోడు
అది వేరే అక్కా. ఆ సీను తీసిన తీరు వల్లనే ఆయన లేచిండు.

వెన్నెల_వాకిలి
మా వాడు నేర్చుకున్నది కూడా తీసిన తీరు వల్లనే.

పాత_రీలు
పావు మార్కు గురించి ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు.

నేల_టికెట్
నాకు మాత్రం ఇది ఒప్పుదల కాదు. ఊరు ఊరంతా ఒక చోట కూర్చుని నవ్వుకునేది ఏడాదిలో ఒకటో రెండో సార్లు. ఆ పని చేసిన సినిమాకి నా మార్కు 4.5, ఇంట్లో ఏం జరిగినా అది తగ్గదు. కోర్ట్ నేను చూడలేదు, ఆ రోజుల్లో నా హాల్లో వేరే సినిమా ఉంది.

ఇంటర్వెల్_పకోడీ
కుబేర 20న వస్తోంది. శేఖర్ కమ్ముల, ధనుష్, నాగార్జున. మొదటి ఆట చూసినవాళ్లు ఇక్కడే రాయండి.

నేల_టికెట్
నా హాల్లో పడుతుందనే అనుకుంటున్నాను. వెన్నెల గారూ, ఈసారి టీవీలో వచ్చేదాకా ఆగకండి.

వెన్నెల_వాకిలి
పిల్లాణ్ణి తీసుకురావచ్చో లేదో మొదటి ఆట అవగానే మీరే ఇక్కడ రాయండి. సరేనంటే వాడితో సహా వస్తాం, టికెట్లు కొనుక్కునే.