2147483647 ప్రధాన సంఖ్యేనని చేత్తో తేల్చడం ఎట్లా?

నెల్లూరు_లెక్కలు: 2^31−1 ప్రధాన సంఖ్య అని తేల్చడం డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్‌గా ఇద్దామనుకుంటున్నా. వర్గమూలం 46340 పైచిలుకు. ఆ లోపు ప్రధాన సంఖ్యలే దాదాపు 4,800. కాలిక్యులేటర్‌తో అయ్యే పనేనా?

కావలి_అంకెలు: అన్నిటితో పనిలేదు మాస్టారూ. ఘాతం 31 కూడా ప్రధాన సంఖ్యే గదా, కాబట్టి దీన్ని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 62తో భాగిస్తే 1 మిగలాలి. అట్లాగే 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండు షరతులూ కలిపితే 248 గుణిజానికి 1 లేదా 63 కలిపినవే మిగులుతాయి. 46340 లోపు అలాంటివి 373. అందులోనూ 63, 249 లాంటివి ప్రధానాలు కావు, వదిలేయొచ్చు. నిజంగా భాగించాల్సిన మొదటిది 311, శేషం 35. తర్వాత 1303, శేషం 226. 1772లో ఆయిలర్ పట్టింది ఈ దారే. పది మందికి పంచితే ఒక్కొక్కరికి నలభై కూడా రావు.

కందుకూరు_విద్యార్థి: ఇంత ఎందుకన్నా, ఫెర్మా పరీక్ష (p బేసి ప్రధానమైతే 2^(p−1)ని pతో భాగిస్తే 1 మిగలాలి) పెడితే పోదా? 2ను 2147483646వ ఘాతానికి పెంచితే శేషం 1 వస్తోంది.

కావలి_అంకెలు: ఇక్కడ 2 ఏమీ తేల్చదు తమ్ముడూ. 2^31 శేషమే 1; 2147483646లో 31 కారణాంకం. కాబట్టి 1 వచ్చి తీరుతుంది. 2^11−1 = 2047 చూడు, 23×89. అది కూడా ఆ పరీక్ష దాటేస్తుంది.

ఒంగోలు_కోడ్: కంప్యూటర్ ఉంటే లూకా–లెమర్ పరీక్ష పెట్టండి, ఇలాంటి 2^p−1 సంఖ్యలు ప్రధానాలో కాదో అది తేలుస్తుంది. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసేసి, 2147483647తో భాగించి శేషం తీసుకోవాలి. సరిగ్గా 29 సార్లు. చివర సున్నా వస్తే ప్రధానం. చాలామంది 31 సార్లు తిప్పి, సున్నా రాలేదని బెంబేలు పడతారు. ఘాతంలో రెండు తగ్గించాలి. ముందు చిన్నదైన 31 (అంటే 2^5−1) మీద చూసుకోండి: 4, 14, 8, 0. మూడే అడుగులు. వర్గం 62 బిట్ల దాకా పోతుంది, 32 బిట్ల ఇంట్‌లో పెడితే ఓవర్‌ఫ్లో అయి తప్పు శేషం వస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. 64 బిట్ల లాంగ్ లాంగ్ వాడండి. ఇంకోటి, భాగహారం బదులు కింది 31 బిట్లకు పైవి కలిపితే చాలు, కానీ కలిపాక విలువ 31 బిట్లు దాటితే మళ్ళీ మడవాలి. సరిగ్గా 2147483647 వచ్చినా అది సున్నానే, అక్కడ విడిగా సరిచేయాలి.

నెల్లూరు_లెక్కలు: బాగుంది. 2147483647తో భాగించిన శేషాల్లో వర్గమూలాలు కూడా తీయించొచ్చా?

ఒంగోలు_కోడ్: తీయించొచ్చు, అది ఇంకా తేలిక. ప్రతిసారీ శేషం తీసుకుంటూ సంఖ్యను వరసగా 29 సార్లు వర్గం చేస్తే వర్గమూలం. చివర వర్గం చేసి సరిచూడాలి, మొదటి సంఖ్య రాకపోతే దానికి మూలమే లేదు. 2తో మొదలుపెట్టి చూడండి, 65536 రావాలి.