ఒకేలాంటి గుల్లలు, వేరే కుటుంబాలు: నదీముఖద్వారపు చిన్న నత్తల్ని ఎలా విడదీయాలి?

ప్రశ్న:
బురద జల్లెడ పట్టగా దాదాపు 200 నత్తలు వచ్చాయి. అన్నీ 3–5 మి.మీ., నున్నటి గోధుమరంగు గుల్లలు. పొడవు, వెడల్పు కొలిచి గ్రాఫ్ గీస్తే రెండు గుంపులు పడ్డాయి. కానీ జాతుల్ని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువు చూస్తే ఒకే గుంపులోవి వేర్వేరు కుటుంబాల పక్కన చేరుతున్నాయి. సగానికిపైగా నమూనాల్లో పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు బోలెడు నకళ్లు తీసే పద్ధతి) అసలు రాలేదు. అన్నీ మూతలు బిగించుకుని 70% ఇథనాల్‌లో ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

జవాబు 1:
ఈ సైజులో గుల్లను పట్టుకుని కుటుంబం కూడా చెప్పలేమండి. బతికున్న నత్తలు మళ్లీ తెచ్చి, వాటి చోటి నీళ్లలోనే ఉంచి మైక్రోస్కోప్ కింద తల చూడండి. స్పర్శకాలు (తల మీది మీసాల్లాంటివి) పొడవుగా, సన్నగా ఉండి కళ్లు వాటి మొదట్లో ఉంటే హైడ్రోబియా అనే నత్తల బంధువులు. పొట్టిగా, మొద్దుగా ఉండి కళ్లు కొసన ఉంటే అసిమినిడే అనే కుటుంబం. గుల్ల నోరు బిగుసుకుపోయి చిన్న గుండ్రటి రంధ్రంలా ఉంటే స్టెనోథైరా అనే మరో రకం కావచ్చు. గుల్ల నిజంగా సాయపడే చోటు ఇదొకటి.

తర్వాత, నత్త ముడుచుకోకుండా చాచుకుని ఉండేలా మత్తు ఇవ్వాలి. మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ లీటరు మంచినీటికి 75 గ్రాములు కలిపితే, లవణీయత 35 (లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు) ఉన్న సముద్రపు నీటికి సరిపోతుంది. మీ నీళ్లలో 15 ఉంటే 32 గ్రాములతో మొదలుపెట్టండి. చెడేది ఇక్కడే: సముద్రపు మోతాదు ఒకేసారి పోస్తే నత్త టక్కున మూత వేసేసుకుంటుంది. కొద్దికొద్దిగా పోసి, సూదితో తాకినా ముడుచుకోనప్పుడే ఇథనాల్‌లో వేయండి. అప్పుడు మగదాని పురుషాంగం కుడి స్పర్శకం వెనక, మెడ మీద చక్కగా కనిపిస్తుంది. హైడ్రోబియా జాతుల్ని విడదీసేది దాని ఆకారం, స్పర్శకాల మీది నల్లమచ్చలే.

జవాబు 2:
పీసీఆర్ రాకపోవడానికి ఆ మూతే కారణమై ఉంటుంది. ఇథనాల్ లోపలికి చేరేలోపు కండ కుళ్లిపోతుంది. ముందు గుల్ల ఫొటో తీసి, చిన్న పట్టకారుతో పగలగొట్టి, పది రెట్లు 95% ఇథనాల్‌లో వేయండి, మర్నాడు మార్చండి. ఫార్మలిన్ తగిలినవాటి మీద ఆశ పెట్టుకోకండి. నత్త ఒంటి జిగురు కూడా పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. జిగురును వేరుచేసే సీటాబ్ రసాయన పద్ధతిలో డీఎన్ఏ తీసి, పదోవంతుకు పలచన చేసి మళ్లీ ప్రయత్నించండి. పాదం ముక్క మాత్రమే వాడి, తల, రాడ్యులా (పళ్లున్న నాలుక), పెంకులు అదే నంబరుతో దాచండి. లేకపోతే డీఎన్ఏ ఎవరిదో, అంగం ఎవరిదో తేల్చలేరు.

జవాబు 3:
పాదమే ఎందుకంటే, గుల్ల కొసవైపు శరీరంలో ట్రెమటోడ్ అనే పరాన్నజీవి పురుగుల లార్వాలు నిండి ఉండొచ్చు. అవి నత్తను వంధ్యం చేస్తాయి, పురుషాంగం కుంచించుకుపోతుంది, గుల్ల పెరుగుదల కూడా మారొచ్చు. కాబట్టి గ్రాఫ్‌లో రెండు గుంపులు రెండు జాతులే కానక్కర్లేదు.

మరొకటి: ఎన్ని విప్పినా పురుషాంగమే కనిపించకపోతే, పొటమిడిడే లేదా బటిల్లారిడే అనే నత్త కుటుంబాల పిల్లలేమో చూడండి, వాటిలో మగవాటికీ అది ఉండదు. ఆ రెండు కుటుంబాల గుల్లలు ఎంత పోలినా దగ్గరి బంధుత్వం కాదు, బురదలో బతుకు ఒకటి కావడం వల్ల వచ్చిన పోలిక. కుటుంబాల స్థాయి కొమ్మలకు సీఓఐ ఒక్కటే చాలదు, 16ఎస్, 28ఎస్ అనే జన్యువులు కూడా చదివించండి.